ప్రమాణపత్రమును జీవశాస్త్రమును

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెన్నెస్సీ రాష్ట్రమున డేటన్ అను చిన్న పట్టణము కలదు. 1925వ సంవత్సరము జూలై మాసమున జాన్ స్కోప్స్ అను యువకోపాధ్యాయుఁడు, మానవుఁడు క్రిందితరగతి జంతువులనుండి పుట్టెనని పాఠశాలలో బోధించెనను నేరముపై అచ్చటి న్యాయస్థానమున విచారింపఁబడి, 100 డాలరుల జరిమానాకు గుఱియయ్యెను. ఆ తీర్పు పైన్యాయస్థానమున నిలువలేదు గాని, అట్టి బోధనను నిషేధించిన శాసనము మాత్రము 1967 వఱకును నిలిచినది. అభియోగపక్షమున వాదించిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ విచారణ ముగిసిన యైదు దినములకే ఆ యూరనే మరణించెను. ఆయన పేర 1930లో ఆ పట్టణముననే యొక క్రైస్తవ కళాశాల వెలసినది. నేఁటికిని నడచుచున్న యా కళాశాల జీవశాస్త్రమునఁ బట్టము నొసఁగుచున్నది. ఆ చదువును గుఱించియే మేము నాలుగు మాటలు వ్రాయఁదలఁచితిమి.

ఆ కళాశాలలో నుపాధ్యాయులుగా నుండఁగోరువారు విశ్వాసప్రమాణ పత్రమునకు సమ్మతి తెలుపవలెను. మానవుని యుత్పత్తి ఆదికాండమునఁ జెప్పఁబడినట్లు దైవాజ్ఞచేఁ గలిగెనని యందొక వాక్యము కలదు. ఆజ్ఞ యెట్లు నెఱవేఱినది, ఎంతకాలమునకు నెఱవేఱినది యను విషయమున నా వాక్యము మౌనము వహించినది. ఆ మౌనపు నీడనే శాస్త్రము నెఱిఁగిన భక్తులు కొందఱు తలదాఁచుకొనిరి. 2014వ సంవత్సరము ఫిబ్రవరిలో ధర్మకర్తలు ఆ నీడనుగూడఁ దొలఁగించిరి. ఆదామును హవ్వయుఁ జారిత్రక పురుషులనియు, దేవుఁడు వారిని ప్రత్యేకముగా సృజించెననియు, అంతకుముందున్న జీవరూపములనుండి వారు పుట్టలేదనియు వివరణము నొకదానిని జేర్చిరి. అధ్యాపకులు సభచేసి, అధ్యక్షునియందుఁ దమకు విశ్వాసము లేదని 30 మంది యొకవైపునను, ఇరువురు మాత్రము రెండవవైపునను సమ్మతు లిచ్చిరి. ఆచార్యు లిరువురు న్యాయస్థానము నెక్కఁగా నా వ్యాజ్యము రాజీతో ముగిసెను. కొందఱు కళాశాలను విడిచి పోయిరి. వివరణము మాత్రము పోలేదు.

ఇందుకుఁ దగవరులు కొందఱు చెప్పు సమాధానమును మే మెఱుఁగుదుము. “కళాశాల వారిది, ధనము వారిది, మతము వారిది, ఇష్టము లేనివారు మఱియొక చోటికిఁ బోవచ్చును గదా” యని వారందురు. ఆ హక్కును మేము కాదనుట లేదు. వేదాంతమును బోధింపుఁడు, ప్రార్థనలు జరుపుఁడు, ఆదికాండమును నూఱు విధముల వ్యాఖ్యానింపుఁడు; మాకేమి? మేమడుగునది పట్టముపైఁ గల పేరును గుఱించి మాత్రమే. నేతిడబ్బాలో వేఱొక క్రొవ్వు నింపి యమ్ము వర్తకుఁడు “దుకాణము నాది” యన్నచో మన మూరకుందుమా? శోధనకుముందే సిద్ధాంతము నిర్ణయమై, దాని క్రింద నుపాధ్యాయుని చేవ్రాలు పడిన పిమ్మట నచ్చట జరుగునది శోధన యగునా?

ఆ చేవ్రాలు పాఠమునే మగునో యొక దృష్టాంతమునఁ జూతము. మానవుని కణమునందు 23 జతల క్రోమోజోము లుండును. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటానులకు 24 జతలు. ఈ జాతులన్నియు నొక్క మూలమునుండి వచ్చినవైనచో మన జత యొకటి యెచ్చటికిఁ బోయెను? ఊరక మాయమైనచో మనుష్యుఁడు బ్రదుకఁడు. కావున రెండు క్రోమోజోములు కొనకుఁ గొన తగిలి యతుకుకొని యుండవలెను. ఇది యూహ; ఊహ యైనంతమాత్రమున నెవ్వరును నమ్మనక్కఱ లేదు. అయితే ప్రతి క్రోమోజోము చివరను రక్షకముగా నాఱక్షరముల వరుస యొకటి పలుమాఱులు మరల మరల వచ్చుచుండును. అది కొనలయందుండవలసిన గుర్తు. 1991లో శాస్త్రజ్ఞులు మన రెండవ క్రోమోజోము నడుమ నా కొనగుర్తులు ఎదురెదురుగాఁ దలలు చేర్చి యుండుట కనుఁగొనిరి. అంతియకాదు; క్రోమోజోమునకు నడికట్టు వంటి భాగ మొక్కటియే యుండవలసి యుండఁగా, ఈ క్రోమోజోమునందుఁ బనిచేయు నడికట్టుతోపాటు చెడిపోయిన రెండవదాని యవశేషమును గానవచ్చినది. కుట్టు కనఁబడుచున్న వస్త్రమును జూచి, ఇది యొక్కటే బట్ట యని వాదించుట యెట్లు?

మఱియొకటి. ఆవు, కుక్క, ఎలుక మొదలైన జంతువులు సి విటమినును దమ శరీరముననే చేసికొనఁగలవు. మనము చేసికొనలేము, వానరములలోఁ బెక్కింటికిని జేతఁగాదు. అందుచేతనే పూర్వము నెలల తరబడి సముద్రముపై నుండిన నావికులు పండ్లు లేక చిగుళ్లు చీమునెత్తురులు గాఱి చనిపోయిరి. విచిత్రమేమనఁగా, ఆ విటమినును జేయు జన్యువు మనలో లేకపోలేదు, చెడిపోయి పడియున్నది. ఆ వానరములలోను జెడిపోయియే యున్నది. ఒక్క తప్పే యిరువురి వ్రాఁతప్రతులలోఁ గానవచ్చినచో నిద్దఱు నొకే మూలమును జూచి వ్రాసిరని ప్రాచీన తాళపత్రములను బరిష్కరించు పండితుఁడు నిశ్చయించును గదా.

ఈ పాఠము చెప్పుచుండఁగా నొక విద్యార్థి లేచి, “అయ్యా, ఈ యతుకెట్లు వచ్చినది?” యని యడిగె ననుకొందము. డేటను నగరపు టాచార్యుఁ డేమి చెప్పవలెను? తోఁచినది చెప్పినచో నుద్యోగము పోవును. చెప్పకున్నచో శాస్త్రము పోవును. ఇట్టి సంకటమున మంచివాఁడు మౌనము దాల్చును; లౌక్యుఁడు పుటను ద్రిప్పివైచును.

పరిణామవాదమునకును దైవభక్తికిని పొత్తు కుదురదనుట చరిత్ర నెఱుఁగనివారి మాట. అనువంశికతకు మూలసూత్రములఁ గనిపెట్టిన మెండెల్ సన్యాసి. డార్విన్ సిద్ధాంతమును అమెరికాలో నిలిపిన వృక్షశాస్త్రజ్ఞుఁడు ఆసా గ్రే నిష్ఠగల క్రైస్తవుఁడు. పరిణామపు వెలుఁగు లేనిచో జీవశాస్త్రమున నేదియు నర్థము కాదని 1973లో వ్యాసము వ్రాసిన డోబ్జాన్‌స్కీ క్రైస్తవుఁడే. మానవ జన్యుపటమును సిద్ధపఱచిన మహోద్యమమునకు నాయకుఁడైన ఫ్రాన్సిస్ కాలిన్స్ బహిరంగ విశ్వాసి. వీరెవ్వరును దేవుని విడువలేదు. డేటను కళాశాలలోనే పెక్కేండ్లు బోధించిన యొక జీవశాస్త్రజ్ఞుఁడు, భూమి వయస్సు కొన్ని వేలేండ్లే యని నమ్మువాఁడయ్యును, పరిణామవాదమునకు సాక్ష్యములు పుష్కలముగాఁ గలవనియు, అది కూలిపోవుచున్న వాదము గాదనియు 2009లో వెల్లడిగా వ్రాసెను. ఆయన నమ్మకముతో మే మేకీభవింపము. ఆయన నిజాయితీకి మాత్రము చేతులు జోడించుచున్నాము. అట్టివాని నోటను సత్యము పలుకుచుండఁగా ధర్మకర్తలకు భయమేల?

నష్టపడువాఁడు విద్యార్థి. వాఁడు రేపు వైద్యుఁడగును. మందులకు లొంగని సూక్ష్మజీవులు ఆసుపత్రిలోఁ బుట్టుకొని వచ్చుటను గన్నులారఁ జూచును. వేఱొక విశ్వవిద్యాలయమునకుఁ బోయి రెండవ క్రోమోజోము కథ వినును. అప్పుడు తన గురువులు దాఁచిరని తెలిసికొని, వారు చెప్పిన శాస్త్రముతోపాటు వారు చెప్పిన దేవునిఁగూడ విడిచిపెట్టును. మతమును గాపాడుటకుఁ గట్టిన గోడ మతముపైననే కూలును.

ఇది చదివి మనవారు కొందఱు నవ్వుకొందురు; నవ్వుటకు మనకు హక్కు లేదు. 2018 జనవరిలో ఢిల్లీ మంత్రి యొకఁడు, కోఁతి మనుష్యుఁడగుట నెవ్వరును జూడలేదు గనుక డార్విన్ చెప్పినది తప్పనెను. 2019 జనవరిలో జలంధరున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో మన యాంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులే దశావతారములు డార్విన్ సిద్ధాంతమునకంటె మేలైనవని యుపన్యసించిరి! 2023లో జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి పుస్తకమునుండి పరిణామభాగమును దీసివైచెను. 1800 మందికిఁ బైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును నిరసన తెలిపిరి. పదవ తరగతి పిమ్మట జీవశాస్త్రమును విడుచు బాలబాలికల కిఁక నా మాటయే వినఁబడదు. 1885లో స్థాపింపఁబడిన మన గుంటూరి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, విశ్వవిద్యాలయపుఁ బాఠ్యక్రమము ననుసరించి చదువు చెప్పునది. డేటనులో ధర్మకర్తల చేవ్రాలు ఒక్క కళాశాలను మాత్రమే కట్టివైచినది. మన దేశమున నొక్క కలపు పోటు లక్షల పుస్తకములలో నొక యధ్యాయమును గొట్టివైచినది.

డేటను ధర్మకర్తలను మేము కోరున దొక్కటి. 2014 నాఁటి వివరణమును విశ్వాసపత్రమునందు మాత్రమే యుంచక, జీవశాస్త్ర పట్టమును వర్ణించు పుటపైననే, జీతపు పట్టికకుఁ బ్రక్కనే, పెద్ద యక్షరములతో నచ్చువేయింపవలెను. చేరుటకుముందు తలిదండ్రులు దానిఁ జదివికొందురు గాక.