గిల్టు మాటల అర్జీలు మనకు వద్దు

చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు దేశమంతటా పేరుంది. పెళ్ళిపందిట్లో అవి ధగధగలాడుతాయి. తాకట్టు కొట్టుకు తీసుకువెళితే మాత్రం వాటిమీద అప్పు ఇచ్చేవారుండరు. మన సంఘాల పేరిట వెలువడుతున్న వినతిపత్రాలలో, కరపత్రాలలో, పత్రికా ప్రకటనలలో అధిక భాగం ఈ కోవకే చెందుతున్నాయని చెప్పక తప్పడం లేదు. "యావత్ ముస్లిం సమాజం తీవ్ర ఆగ్రహంతో ఉంది", "తక్షణమే న్యాయం చేయాలి" వంటి వాక్యాలు వేదికమీద మెరుస్తాయి, ఫైలులో చేరగానే వెలసిపోతాయి. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా అర్జీలు చదివి, వాటిపై నోట్ రాసి, పై అధికారులకు పంపడంలోనే మా ఉద్యోగ జీవితం గడిచింది. ఆ అనుభవంతోనే ఈ మాట అంటున్నాము.

"అన్యాయం చేసేది ప్రభుత్వమైతే మన రాతలను నిందిస్తారేమిటి?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. అన్యాయం వారిదే, సందేహం లేదు. కానీ అర్జీని తిరస్కరించడానికి సాకు వెదికేవారికి ఆ సాకును మనమే రాసి ఇవ్వడం ఏ పోరాటనీతి?

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు హక్కు పేరునే తప్పుగా రాయడం. "ముస్లింలకు ఇచ్చిన 4 శాతం మత రిజర్వేషన్లను కాపాడాలి" అని మనవారే కరపత్రాలు వేస్తున్నారు. ఇది మన ప్రత్యర్థి రాయవలసిన వాక్యం. చరిత్ర చూడండి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ కలిపి 5 శాతం కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. హైకోర్టులో అది నిలవలేదు. 2005లో చేసిన చట్టమూ నిలవలేదు. 2007 నాటి చట్టం వేరొక దారి పట్టింది. పి.ఎస్. కృష్ణన్ నివేదికను, బీసీ కమిషన్ సిఫారసును ఆధారం చేసుకొని, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం సమూహాలను పేరుపేరునా జాబితా చేసి, బీసీ-ఇ కింద 4 శాతం కేటాయించింది. సయ్యద్, పఠాన్, మొగల్, ఇరానీ, అరబ్, బోహ్రా వంటి వర్గాలను మినహాయించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దీనినీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడంతో జాబితాలోని సమూహాలకు అమలు కొనసాగింది. అంటే ఈ కేటాయింపుకు చట్టం చూపిన పునాది వెనుకబాటుతనం, మతం కాదు. నూర్‌బాషా దూదేకుల సోదరులు బీసీ-బిలో ఉండడమూ ఇదే సూత్రాన్ని చెబుతుంది. ఇకమీదట "వెనుకబడిన ముస్లిం సమూహాలకు బీసీ-ఇ కోటా" అనే రాయండి. ఆ ఒక్క పదబంధం వెనుక మూడు తీర్పుల అనుభవం ఉంది.

రెండవ తప్పు అతిశయోక్తి. "ముస్లింల స్థితి దళితులకంటే హీనమని సచార్ కమిటీ తేల్చింది" అన్న వాక్యం వినని సభ లేదు. 2005లో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన ఆ కమిటీ చెప్పినది అది కాదు. మొత్తంమీద చూస్తే ముస్లింల స్థితి ఎస్సీ, ఎస్టీలకు కొంచెం పైన, హిందూ ఓబీసీలకు దిగువన ఉందని, కొన్ని అంశాలలో మాత్రం ఎస్సీ, ఎస్టీలకంటే వెనుకబడి ఉందని చెప్పింది. ఆ నివేదికకు బలం వచ్చింది ప్రభుత్వం వద్దనున్న లెక్కలతోనే మాట్లాడినందువల్ల. మనం దానికి రంగు పూస్తే, నివేదిక చదివినవాడు ఒక్క ప్రశ్నతో మన నోరు మూయిస్తాడు. పైగా దళిత సోదరుల బాధను మన కొలబద్దగా వాడుకోవడం మర్యాదా కాదు.

మూడవది పేర్ల విషయం. ఆధార్‌లో "షేక్" ముందు ఉంటుంది, పదవ తరగతి ధ్రువపత్రంలో వెనుక ఉంటుంది, ఓటరు జాబితాలో "ఎస్కే"గా కుదించుకుపోతుంది. ఒకచోట మహమ్మద్, మరొకచోట ఎం.డి. చదువుకున్న బిడ్డ ఉపకారవేతనం ఈ అక్షరాల మధ్యనే చిక్కుకుంటుంది. ఇంటిల్లిపాది పేర్లనూ ఒక కాగితంమీద వరుసగా రాసుకొని, పదవ తరగతి ధ్రువపత్రంలోని రూపాన్ని ప్రమాణంగా పెట్టుకొని, మిగిలినవాటిని సవరించుకోండి. ఓటరు జాబితాలో సవరణకు ఫారం 8 ఉంది. అది పూర్తయ్యేలోగా ఏ అర్జీ పెట్టినా, రెండు రూపాలూ ఒకే వ్యక్తివని మొదటి పేరాలోనే స్పష్టం చేయండి.

నాలుగవది వక్ఫ్ భూములు. "తాతల కాలంనుండి ఇది ఖబ్రస్తాన్, ఊరందరికీ తెలుసు" అని రాస్తే సరిపోదు. ఊరికి తెలిసినది రికార్డుకు తెలియదు. సర్వే నెంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, వక్ఫ్ గెజిట్ తేదీ, ఆక్రమణ ఎప్పుడు ఏ మేరకు జరిగింది, ఇవన్నీ అర్జీలో ఉండాలి. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టంతో మేము ఏకీభవించము. అయితే ఆస్తుల వివరాలను ‘ఉమీద్’ పోర్టల్‌లో నమోదు చేయాలన్న షరతు వచ్చాక, కాగితం లేని ముతవల్లీ ఎంత నిస్సహాయుడో అందరమూ చూశాము. వివరాలు లేనప్పుడు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వవలసిన బాధ్యత కార్యాలయానిది.

చివరి తప్పు, ఒకే కాగితంలో అన్నీ కలిపి రాయడం. షాదీఖానా, ఉర్దూ పాఠశాల, పింఛను, రోడ్డు ఒకే వినతిపత్రంలో ఉంటే అది ఏ శాఖకూ చెందదు, అన్ని శాఖలూ తిరిగి చివరకు అటకెక్కుతుంది. ఒక అర్జీకి ఒక సమస్య, ఒక శాఖ, ఒక కోరిక. కోరిక చివరి వాక్యంలో కాదు, మొదటి వాక్యంలోనే రావాలి. జతచేసిన కాగితాలకు వరుస సంఖ్యలు వేయాలి. సోమవారం బందరు కలెక్టరేటులో అర్జీ ఇచ్చి ఫొటో దిగి వచ్చేయడం కాదు, రసీదు సంఖ్య తీసుకోవాలి, జవాబు రాకపోతే ఆ సంఖ్యతోనే మళ్ళీ రాయాలి.

ప్రతి మస్జిద్ కమిటీ డిగ్రీ చదివిన ఒక యువకునికి, ఒక యువతికి ఈ పని అప్పగించాలి. బందరు, గుడివాడ, దివిసీమ కమిటీలన్నీ ప్రతి అర్జీ నకలునూ, జవాబునూ ఒక దస్త్రంలో భద్రపరచాలి. ఉపన్యాసాలకు వెచ్చించే సొమ్ములో పదో వంతు ఇందుకు చాలు. ఈ పని వచ్చే జుమా నాడే మొదలుపెట్టవచ్చు.