చట్టవాక్యమునకు పదకృత్యము

“గురువుగారూ, తన గడియారం తాను తెచ్చుకొన్నవాడు దొంగ ఎట్లా అవుతాడండీ?” ప్రాచ్యకళాశాలలో చదివి, పిదప న్యాయశాస్త్రంలో చేరిన ఒక పూర్వవిద్యార్థి కొంతకాలం క్రిందట నన్ను అడిగిన ప్రశ్న ఇది. అతని చేతిలో పరీక్షల కోసం అచ్చువేసిన గైడు ఉన్నది, చట్టగ్రంథం లేదు. చౌర్యలక్షణాలను ఆ గైడు అంకెలు వేసి చెప్పినది. అవన్నీ అతనికి కంఠస్థమే. అయినా సంశయం తీరలేదు. తర్కసంగ్రహంలో ప్రతి లక్షణానికి పదకృత్యం చెప్పుకొంటూ చదివిన విద్యార్థి, చట్టలక్షణం ఎదుటికి వచ్చేసరికి ఆ విద్యను ఇంటిదగ్గర వదలి వెళ్లినాడే అన్నది నన్ను బాధించిన విషయం. తప్పు అతనిది కాదు. ఆ విద్య అక్కడ కూడ పనికివస్తుందని మేము అతనికి ఎన్నడూ చెప్పలేదు.

న్యాయశాస్త్రాధ్యయనం ప్రధానంగా గ్రంథపఠనం. అయినప్పటికీ ఆ పఠనం ఎట్లు చేయవలెనో ప్రత్యేకంగా నేర్పే ఏర్పాటు మన విద్యావిధానంలో మిక్కిలి స్వల్పం. విద్యార్థి గైడును, నోట్సును ఆశ్రయిస్తాడు. మనవైపు చూస్తే, వాక్యాన్ని విడదీసి, అన్వయించి, ఒక్కొక్క పదానికి ప్రయోజనం అడిగే శిక్షణ మన పాఠ్యక్రమంలో నిత్యకృత్యమై ఉన్నది. దానిని మనం ప్రాచీనగ్రంథాలకే పరిమితం చేసికొన్నాము. ఈ రెంటినీ కలపవలెనని నా వాదం.

గడియారం ప్రశ్ననే తీసుకొందాము. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 378వ సెక్షనుగా ఉన్న చౌర్యలక్షణం, 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షనుగా కొనసాగుతున్నది. దాని భావం ఇది: ఒక వ్యక్తి స్వాధీనం నుండి, ఆ వ్యక్తి సమ్మతి లేక, ఏదైన చరాస్తిని దుర్బుద్ధితో తీసికొనవలెనన్న ఉద్దేశం కలిగి, ఆ తీసికొనుట కొరకు దానిని కదలించువాడు చౌర్యం చేసినవాడగును. ఇందులో ప్రధానక్రియ ఏది అని అడిగితే తరగతిలో నూటికి తొంబదిమంది “తీసికొనుట” అంటారు. కాదు. ప్రధానక్రియ “కదలించుట”. తీసికొనుట దానికి ప్రయోజనం మాత్రమే. మన పరిభాషలో తాదర్థ్యచతుర్థి. కనుక వస్తువు గడప దాటనక్కరలేదు. ఆ ఉద్దేశంతో కదలినంతనే నేరం పూర్తియగును. కుక్కకు ఎరచూపి వెంట రప్పించుకొన్నవాని దృష్టాంతం ఆ సెక్షను క్రిందనే ఉన్నది. కుక్క వాని వెంట నడువ మొదలిడినంతనే చౌర్యం జరిగినట్లే.

ఇక అపాదానం. దేనినుండి తీసికొనుట? “స్వాధీనం నుండి” అన్నారు గాని “స్వామ్యం నుండి” అనలేదు. ఈ ఒక్క పదం వద్దనే నా విద్యార్థి తడబడినాడు. గడియారాన్ని మరమ్మతుకు ఇచ్చినవాడు కూలి బాకీపడగా, మరమ్మతు చేసినవాడు ఆ బాకీకి హామీగా దానిని న్యాయసమ్మతంగానే తన వద్ద ఉంచుకొన్నాడు. యజమాని ఆ హామీని పోగొట్టే ఉద్దేశంతో గడియారం తీసుకొనిపోతే అది చౌర్యం. బాకీయే లేకపోయినచో, అదే గడియారాన్ని బలవంతంగా తెచ్చుకొన్నా చౌర్యం కాదు; వేరొక నేరం కావచ్చును. చట్టం ఈ రెండు దృష్టాంతాలను ప్రక్కప్రక్కనే ఉంచినది. కాశికావృత్తి చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ఉదాహరణ వెంట ప్రత్యుదాహరణ చూపి, సూత్రంలో ఈ పదం ఎందుకు అని అడిగే పద్ధతియే ఇది. గైడులు ఈ దృష్టాంతాలనే మొదట తొలగిస్తాయి. పుటలు తగ్గుతాయి గదా!

పదకృత్యం సాగించి చూడండి. “దుర్బుద్ధితో” అన్న పదాన్ని తీసివేస్తే, ఇతరుని వస్తువును తనదేనని నిజంగా నమ్మి తీసికొన్నవాడు కూడ దొంగ అగును, అతివ్యాప్తి. “చర” అన్న విశేషణం తీసివేస్తే నేలలో వేళ్లూనియున్న చెట్టు కూడ చౌర్యవిషయం అగును. నరికి నేలనుండి వేరుచేసినంతనే అది చరాస్తి అగునని చట్టమే వివరణలో చెప్పుచున్నది. మరి “దుర్బుద్ధి” అనగా ఏమి? నిఘంటువు చూడరాదు. ఒకరికి అక్రమలాభం గాని, మరొకరికి అక్రమనష్టం గాని కలిగించు ఉద్దేశమని సంహిత ఆరంభంలోనే నిర్వచించినది. పాణినీయంలో వృద్ధి అనగా పెరుగుదల కాదు, ఆ, ఐ, ఔలు అని మొదటి దినమే మన విద్యార్థి నేర్చుకొంటాడు. సంజ్ఞ ఎక్కడ చేసినారో చూడక విధిని చదువరాదన్న ఆ పాఠం చట్టానికి యథాతథంగా వర్తిస్తుంది.

విభక్తిభేదం వలన ఆస్తి చేతులు మారిన సందర్భం ఒకటి చెప్పక తప్పదు. 1956 నాటి హిందూ వారసత్వచట్టం 6వ సెక్షనును 2005లో సవరించినారు. ఆ సవరణచట్టం అమలులోకి వచ్చినప్పటి నుండి, సహదాయాదుని కుమార్తె, కుమారునివలెనే, జన్మచేత సహదాయాదురాలగునని దాని సారాంశం. “అప్పటి నుండి” అన్నది కాలావధి. “జన్మచేత” అన్నది హేతువు. 2015లో ప్రకాశ్–ఫూలవతి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కాలావధికే ప్రాధాన్యమిచ్చి, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి, కుమార్తె ఇరువురూ జీవించి ఉండవలెనన్నది. 2020 ఆగస్టు 11న వినీతాశర్మ వ్యాజ్యంలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిర్ణయాన్ని త్రోసివేసినది. హక్కుకు హేతువు జన్మ గనుక తండ్రి ఆనాటికి జీవించి ఉండనక్కరలేదన్నది. కాలావధి ఆ హక్కును ఎప్పటినుండి వినియోగించుకొనవచ్చునో చెప్పుటకే పరిమితమైనది. ఆంధ్రదేశంలో 1986 నాటి రాష్ట్రసవరణ 1985 సెప్టెంబరు 5 నుండియే కుమార్తెలకు ఈ హక్కు ఇచ్చినది. అయితే అంతకుముందే వివాహమైనవారిని మినహాయించినది. మన ప్రాంతపు విద్యార్థి ఈ రెండు పాఠాలనూ ఎదురెదురుగా ఉంచుకొని చదువవలెను. 2004 డిసెంబరు 20కి పూర్వం జరిగిన విభాగాలను, అన్యాక్రాంతాలను రక్షించే ప్రొవైజోను కూడ విడువరాదు. ఉత్సర్గాన్ని చదివి అపవాదాన్ని విడిచినవాని వ్యాకరణం ఎంతటిదో మనకు తెలియనిది కాదు.

తీర్పుల పఠనం వేరు రీతిది. అందు విద్యార్థులు తరచు చేసే పొరపాటు ఒక్కటే: వాది తరఫు వాదాన్ని న్యాయమూర్తి రెండు పుటలలో సానుభూతితో వివరించగా, దానినే నిర్ణయమని వ్రాసికొనుట. పూర్వపక్షాన్ని సిద్ధాంతమనుకొనుట శాంకరభాష్యం మొదట తెరచినవారు కూడ చేసే పొరపాటే. విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అన్న అధికరణాంగాలను తీర్పు అంచున పెన్సిలుతో గుర్తించుకొంటూ చదివితే చాలును.

ఈ మాటలు క్రొత్తవి కావు. కిశోరీలాల్ సర్కార్ 1905 నాటి ఠాగూర్ న్యాయోపన్యాసాలలో మీమాంసాన్యాయాలను హిందూధర్మశాస్త్రానికి అన్వయించి చూపినారు. 2006లో ఇస్పాత్ ఇండస్ట్రీస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు గుణప్రధానన్యాయాన్ని కస్టమ్స్ సుంకం విషయంలో ప్రయోగించినది. చట్టం ప్రధానం, దాని క్రింద చేసిన నియమాలు గుణభూతాలన్నది. మన సభలలో ఈ తీర్పును గర్వంగా ఉదాహరించి అక్కడితో ఆగిపోతాము. న్యాయమూర్తి మీమాంసను స్మరించినందువలన మొదటి సంవత్సరపు విద్యార్థికి సెక్షను చదువుట రాదు.

మన శాస్త్రరీతికి ఉన్న పరిమితులను కూడ అంగీకరింపవలసి ఉన్నది. మీమాంసకులకు వేదం అపౌరుషేయం. అక్కడ వక్త అభిప్రాయమన్న ప్రశ్నయే లేదు. చట్టానికి కర్తలున్నారు, చేసిన కాలమున్నది, తొలగింపదలచిన దోషమున్నది. పూర్వపు చట్టమేమి, దానిలో కొరతయేమి, దానికి చేసిన చికిత్సయేమి అని ఇంగ్లండులో 1584 నాటి హేడన్ వ్యాజ్యం నుండి వస్తున్న ప్రశ్నలకు పదకృత్యం సమాధానం చెప్పలేదు. ఆడబిడ్డల హక్కు విషయంలో వ్యాకరణం త్రోవ చూపును గాని, శాసనసభ ఆ సవరణను ఎందుకు చేసినదో తెలియక గమ్యం చేరదు. పైగా వైయాకరణునికి అర్ధమాత్ర తగ్గినా పండుగ. చట్టరచయితకు ఒక్క మాట చాలినచోట రెండు వాడుట అలవాటు. ప్రతి జంటపదానికి వేరువేరు ప్రయోజనం వెదకబోయిన మన పండితుడు బోల్తాపడవచ్చును.

తెలుగు అనువాదాలతో మరొక చిక్కున్నది. ఇంగ్లీషు చట్టవాక్యంలో క్రియ ముందు వచ్చి షరతులు వెనుక సాగుతాయి. తెలుగులో షరతులన్నీ ముందు పేరుకొని క్రియ చివర నిలుస్తుంది. పది పంక్తుల వాక్యంలో ఏ విశేషణం ఏ విశేష్యానిదో తెలియక విద్యార్థి తెలుగు ప్రతిని ప్రక్కకు పెడతాడు. అన్వయక్రమం నేర్పగలవారు మనమే. ఇది చేయక, చట్టాలు తెలుగులో రావలెనని తీర్మానాలు మాత్రం చేస్తే ఫలమేమి?

ఆరంభానికి రాజ్యాంగం వలదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 2వ సెక్షను చాలును. ప్రతిపాదన, దాని అంగీకారం వలన ఏర్పడే వాగ్దానం, ప్రతిఫలం, ఒడంబడిక, చివరకు చట్టబలం గల ఒడంబడికయే కాంట్రాక్టు — ఇట్లు ఒక సంజ్ఞ మరొక సంజ్ఞపై నిలుస్తుంది. ఒక్క గంటలో నల్లబల్లపై అంతయు విప్పవచ్చును. ఈ సంవత్సరం మా అలంకారశాస్త్రపు తరగతిలో ఒక శనివారం అది చేసి చూచినాను. పూర్వవిద్యార్థి కూడ వచ్చినాడు. ఈసారి చేతిలో చట్టమే ఉన్నది. ప్రతిఫలలక్షణంలో “ప్రతిపాదకుని కోరికపై” అన్న పదానికి కృత్యమేమిటని మా పిల్లలనే అడిగినాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.