శ్వేతకి రష్యాలో ఓ చెల్లెలు

మీ క్లాసులోనో ఆఫీసులోనో ఒక శ్వేత ఉండే ఉంటుంది కదా! రష్యాలో స్వెత్లానా అనే అమ్మాయిని ఇంట్లో ముద్దుగా ‘స్వేతా’ అనే పిలుస్తారు. నాకైతే భలే ముచ్చటేసింది. ఇదేం కాకతాళీయం కాదు. అక్కడ ‘స్వెత్’ అంటే వెలుగు, సంస్కృతంలో ‘శ్వేత’ అంటే తెలుపు. రెండిటికీ మూలం ఒకటే.

ఈ పేరు కవులు పుట్టించింది. 1813లో అచ్చయిన జుకోవ్‌స్కీ గేయకథ ‘స్వెత్లానా’తో జనం నోళ్లలో పడింది. ఆ పేరుతో సెయింట్ లేరని చర్చిలో బాప్తిస్మానికి పనికొచ్చేది కాదు. 1917 విప్లవం తర్వాతే ఇంటింటికీ చేరింది.

స్టాలిన్ కూతురూ స్వెత్లానాయే. తండ్రి ఇంటిపేరు వదిలేసింది. 1967లో ఢిల్లీలోని అమెరికా ఎంబసీకి వెళ్లి, దేశాన్నీ వదిలేసింది. చివరికి లానా పీటర్స్ అయింది. పేరులో సగమే మిగుల్చుకుంది. వదిలేసిన సగంలోనే వెలుగుంది. నాకు మనసు చివుక్కుమనేది అక్కడే.