వాచ్‌లో క్యాలరీలు చూసి తినకండి: యారాడ కొండ నాకు నేర్పింది ఇదే

రెండేళ్ల కిందట నా బరువు 94 కిలోలు. రోజంతా కూర్చుని ఫోన్లు టెస్ట్ చేసేవాడికి అదేం వింత కాదు అనుకునేవాణ్ణి. అప్పుడే రక్త పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. నాన్న ఏళ్లుగా షుగర్ మాత్రలు వేసుకోవడం చూస్తున్నా కాబట్టి భయమేసింది.

గ్యాడ్జెట్ పిచ్చోణ్ణి కదా, ముందు స్మార్ట్‌వాచ్ కొన్నా, తర్వాతే గేర్ల సైకిల్. మాది యారాడ. సింధియా వైపు వెళ్లాలంటే కొండ ఎక్కాల్సిందే. మొదటి రోజు సగం దూరం సైకిల్‌ని తోసుకుంటూనే వెళ్లా. కొన్నాళ్లకు ఎక్కేశా. వాచ్ 600 కిలోక్యాలరీలు అంది. ఆ ధైర్యంతో సింధియాలో పూరీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ. రెండు నెలలైనా బరువు కదల్లేదు.

తప్పు ఎక్కడుంది? స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో 60 మందికి 7 రకాల రిస్ట్ డివైజ్‌లు పెట్టి చూశారు. ఆరింటిలో గుండె వేగం తేడా 5 శాతం లోపే. క్యాలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, చివరిది 93 శాతం. అవి పాత మోడళ్లే, కానీ అసలు సంగతి మారలేదు. వాచ్ క్యాలరీలను కొలవదు. గుండె వేగం, బరువు, వయసు చూసి అంచనా కడుతుంది.

మీరే లెక్కేయండి. నేనూ సైకిలూ కలిపి 108 కిలోలు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగో వంతే పెడల్‌కి చేరుతుంది, మిగతాది వేడిగా పోతుంది. అలా చూసినా 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి అయ్యేది సుమారు 100 కిలోక్యాలరీలే. ఒక ప్లేట్ పూరీతో అంతకు మించి వెనక్కి వచ్చేస్తుంది.

అందుకే వాచ్‌లో క్యాలరీల స్క్రీన్ తీసేశా. వారానికి 5 రోజులు, రోజుకు 40 నిమిషాలు తొక్కడం మొదలుపెట్టా. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదానికి ఇది సరిపోతుంది. టీలో చక్కెర మానేశా, బజ్జీలు ఆదివారానికే, రాత్రి ఫోన్ ఛార్జింగ్ హాల్లో. ఆ చివరిదే అన్నిటికన్నా కష్టమైంది, కానీ దానివల్లే తెల్లవారుజామున లేవగలుగుతున్నా.

16 నెలల్లో 11 కిలోలు తగ్గా. అంటే నెలకు 700 గ్రాములు కూడా లేదు. కిలో కొవ్వుకు 7,700 కిలోక్యాలరీలు అనుకుంటే, రోజుకు సుమారు 180 తేడా చాలన్నమాట. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 5.5.

నా మాట ఒకటే. స్మార్ట్‌వాచ్ మంచి హాజరు పట్టీ, కానీ చెడ్డ వంటల లెక్క. వారంలో ఎన్ని రోజులు తొక్కారో, వారం సగటు బరువెంతో చూసుకోండి. రోజువారీ బరువు ఒంట్లో నీటిని బట్టే అటూ ఇటూ అవుతుంది. డబ్బులుంటే ముందు హెల్మెట్, లైట్, మంచి బ్రేకులు కొనండి, ఎందుకంటే ఎక్కిన కొండ దిగాలి కూడా. వచ్చే సేల్‌లో కొత్త వాచ్ బుక్ చేసే ముందు, ఉన్న ఫోన్‌ని జేబులో పెట్టుకుని ఒక్క నెల తొక్కి చూడండి.