అరకు కాఫీ తోటలు

తూర్పు కనుమలలో సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్న అరకు లోయలో గిరిజన కుటుంబములు సిల్వర్ ఓక్ చెట్ల నీడను అరబికా కాఫీని పండించుచున్నవి. మిరియపు తీగలును ఆ చెట్లకే ప్రాకును.

కాఫీపండ్లన్నియు ఒక్కమారు పండవు. ఎఱ్ఱనివానిని మాత్రమే ఏరుటకు ఇంటిల్లిపాదియు చెట్టుచెట్టునకు పలుమారులు తిరుగవలయును. పచ్చికాయలు కలిసినచో రుచి చెడును. ఏరిన పండ్లకు జాగు చేయక తొక్క తీసి, జిగురు పోవునట్లు కడిగి, ఎండబెట్టుదురు.

2019లో ఈ కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది, మంచిదే. కాని లోయకు పేరు వచ్చినంతమాత్రమున రైతునకు వెల వచ్చునా? దళారి దోరకాయకును పండునకును ఒకే ధర కట్టినచో, అంత యోపికతో ఏరువా రెవరు? పండునకు వేరుధరయు, తూచిన నాడే చేతికి సొమ్మును లేనిచో, ఆ కుటుంబము కొమ్మను ఒక్కసారిగా దూసివేయును. అప్పుడు తప్పు వారిదని యెట్లందుము?