పేరుకే జూదం

శివరాత్రి జాగారమంటే మా ఇంట్లో వైకుంఠపాళియే. బస్తర్ దక్షిణపు కొసన, శబరి ఒడ్డున కోంటా మాది. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ. ఆ పాముల పటం ఇప్పటికీ ఏ కొట్లో అడిగినా దొరుకుతుంది. నా బెంగల్లా దాని వెనక మరుగున పడిపోయిన పులిజూదం మీదే.

వైకుంఠపాళిలో ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటి ఉంటే చూపించండి! గవ్వలు ఎంత పడితే అన్ని గళ్ళు. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము అంటారు గానీ, నిచ్చెనెక్కినవాడు చేసిన పుణ్యమేమిటి? చిన్నప్పుడు ఇదే అడిగితే, "నోర్మూసుకుని గవ్వలెయ్యరా" అంది మా నాయనమ్మ.

పులిజూదం పటం తాత అరుగు మీద బొగ్గుతో గీసేవాడు. 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీంచి దూకి అవతల ఖాళీలో దిగితే ఆ మేక పోయినట్టే. మేకలు చంపలేవు, పులులను కదలనీకుండా చుట్టుముట్టి గెలవాలి. మేకలన్నీ ఒక్కొక్కటిగా పెట్టడం పూర్తయ్యేదాకా పెట్టినదాన్ని కదపకూడదు. పేరులో జూదం ఉంది గానీ ఇందులో అదృష్టానికి చోటే లేదు. ఓడిపోతే గ్రహాలను తిట్టుకునే వీలూ లేదు.

దక్షిణాదిలో పాత గుళ్ళ మండపాల బండల మీద ఇలాంటి గీతలు చాలాచోట్ల కనిపిస్తాయి. (గుళ్ళో నేను వంగేది వాటిని చూడ్డానికే!)

అలాగని వైకుంఠపాళి ఆడినవాళ్ళంతా తలరాతను నమ్ముతారని అనను. దానికి రుజువు లేదు, నేనూ అది ఆడి పెరిగినవాణ్ణే. మన పూర్వీకులకు అన్నీ ముందే తెలుసుననే పాటా పాడను. మంచి ఆట పోతోంది, అంతే.

అమెరికాలో 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు ముందు 1977 నాటి ట్రావెలర్ లాంటి ఆటలు చిన్నబోయాయి. అయినా వాటికి అచ్చు పుస్తకాలున్నాయి, అభిమానులు దాచుకున్నారు. మా ఆటకు ఉన్నది బొగ్గుగీత. 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరు శిబిరాలకు, కొందరు అప్పటి ఖమ్మం జిల్లాకు పోయారు. అరుగే లేనివాడు పటం ఎక్కడ గీస్తాడు?

కిందటి శివరాత్రికి మనవరాలికి నేర్పాను. మొదటి ఆటలో 6 మేకలు పోగొట్టుకుంది. తిథి బాగాలేదనలేదు, "మూల మేకను తొందరపడి పెట్టాను తాతా" అంది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరికైనా పటం గుర్తుంటే గీయించి పంపండి. మా గీతకూ మీ గీతకూ ఎక్కడ తేడా వస్తుందో చూడాలని ఉంది.