పట్టాలు పోయిన దారిలో గుర్రాలు

రైలు రావడం మానేసిన దారి గతి ఏమవుతుందో పల్లెవాసులకు వేరే చెప్పనక్కరలేదు. ముందు పట్టాలు పోతాయి, తర్వాత స్లీపర్లు, ఆపైన కంకర. నాలుగేళ్ళు తిరిగేసరికి కట్ట మీద తుమ్మ మొలుస్తుంది. మిగిలింది కొంత పొలాల్లోనూ, కొంత కంపచాటునా కలిసిపోతుంది.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు నైరుతి కొండల్లో అలా జరగలేదు. న్యూ రివర్ ఒడ్డున ఖనిజాలు మోసిన దారిని నార్‌ఫోక్ సదరన్ రైల్వే కంపెనీ 1986 డిసెంబరులో రాష్ట్రానికి దానంగా ఇచ్చివేసింది. పులాస్కీ నుంచి గాలాక్స్ దాకా, ఫ్రైస్ కొమ్మతో కలిపి 57 మైళ్ళ ఆ దారిని పార్కుగా మార్చారు. అందులో 39 మైళ్ళు నది పక్కనే. రెండు సొరంగాలు, వెయ్యి అడుగులు దాటిన ఒక వంతెన, చిన్నవి మరెన్నో ఉన్నాయి. దారి పక్కనే రెండు వందల ఏళ్ళనాటి రాతి గోపురం ఒకటుంది. దాని పైన సీసాన్ని కరిగించి జల్లెడలో పోస్తే, బొట్లు గోపురం లోపలా, దాని కింద తవ్విన బావిలోనూ కలిపి 150 అడుగులు జారి నీళ్ళలో పడి తుపాకీ రవ్వలయ్యేవి. గుర్రం దిగకుండానే చూడదగ్గ చరిత్ర!

గుర్రానికి ఈ దారి అనుకూలించడానికి కారణం రైలే. బరువు లాగే ఇంజను నిట్టనిలువు ఎక్కలేదు గనుక ఇంజనీర్లు కొండను తొలిచి, లోయను పూడ్చి, నూరడుగులకు ఒకటి రెండు అడుగులు మించని వాలుతో కట్ట వేశారు. ముసలి గుర్రమైనా, కొత్త రౌతైనా అలవకుండా పోవచ్చు. అయితే రైలు కంకర డెక్కలకు చేటు. దాని మీద సన్న రాతిపొడి పరచి రోలరుతో అదిమితే తప్ప పని జరగదు. చెక్క వంతెన మీద డెక్క పడితే డప్పు మోగినట్లు మోగుతుంది. అలవాటులేని గుర్రం అక్కడే ఆగిపోతుంది. సొరంగపు చీకటి మరో భయం.

వీటన్నిటికంటె పెద్ద తగవు సైకిళ్ళతో. గుర్రం చుట్టూ చాలామేరకు చూడగలదు గాని సరిగ్గా తన వెనుక ఉన్నది దానికి కనబడదు. చప్పుడు చేయకుండా వెనుకనుంచి దూసుకొచ్చే సైకిలు దానికి పులితో సమానం. అందుకే అక్కడి మర్యాద ప్రకారం సైకిలువాడు దూరం నుంచే కేకవేసి, వేగం తగ్గించి గుర్రానికి దారి ఇవ్వాలి. రౌతులకూ బాధ్యత ఉంది. లద్దెను దారిమధ్య వదిలిపోవడం, వాన నానిన కట్టను తొక్కి గుంటలు చేయడం వల్లనే ఫిర్యాదులు పుడుతున్నాయి. మిస్సోరీలో దాదాపు 240 మైళ్ళున్న కేటీ ట్రెయిల్‌లో గుర్రాలకు కొన్ని భాగాల్లోనే అనుమతి. తగవు వచ్చిన ప్రతిచోటా గుర్రాన్నే గెంటివేయడం సులభమైన పరిష్కారమే కాని, న్యాయమైనది కాదు.

భూమి మాట కూడా చెప్పుకోవాలి. రైలు కోసమని ఇచ్చిన నేల రైలు పోయాక ఎవరిది? రైతు ప్రశ్న ఎక్కడైనా ఇదే. ఎప్పుడైనా రైలు అవసరమైతే తిరిగి తీసుకునే షరతుతో అలాంటి దారులను బాటలుగా ఉంచవచ్చని 1983లో అక్కడ చట్టం వచ్చింది. 1990లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే, నష్టపోయిన భూస్వాములు పరిహారం కోరవచ్చునన్నది. 2014లో వయోమింగ్ రాష్ట్రపు కేసులో, 1875 చట్టం కింద రైల్వేకు దక్కింది దారి హక్కు మాత్రమేననీ, రైలు మానుకోగానే అది రద్దయిందనీ తీర్పు చెప్పింది. బాట అందరికీ కావలసిందే. దాని ఖర్చు మాత్రం కట్ట పక్క రైతు ఒక్కడే మోయడం ధర్మం కాదు. నల్లమలలో దొరబావి వంతెన మీదుగా పోయిన పాత మీటర్‌గేజి దారి కూడా గేజి మార్పిడిలో విడిచిపెట్టినదే. ఆ అడవిలో గుర్రాలు తిప్పమని ఎవరూ అనరు గాని, అటువంటి నేలల విషయంలో ముందుగా అడగవలసింది పక్క ఊళ్ళనే.

వర్జీనియాకు ఇప్పుడు ఈ చర్చ తప్పనిసరి అయింది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరద న్యూ రివర్ బాటను దెబ్బతీసింది. అదే ప్రాంతంలో 1977లో రైలు నిలిచిన దారి మీద వెలసిన 34 మైళ్ళ వర్జీనియా క్రీపర్ ట్రెయిల్‌లో, డమాస్కస్‌కు ఎగువనున్న సగం దాదాపు కొట్టుకుపోయింది. ఆ బాటనే నమ్ముకున్న సైకిలు దుకాణాలు, పూటకూళ్ళు, సత్రాలు ఒక్క రాత్రిలో బేరం పోగొట్టుకున్నాయి. వంతెనలు తిరిగి కట్టేవారు సైకిలు బరువును మాత్రమే లెక్క వేసుకోరాదు. గుర్రం ఒక్కటే 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. దానికి తగ్గ పలకలు, జారని ఉపరితలం, ఎత్తయిన కమ్ములు, దారి చివర గుర్రపు బండ్లు నిలిపే జాగా అంచనాల్లోనే చేర్చాలి. వంతెన పూర్తయ్యాక వీటిని అడిగితే డబ్బు లేదనే జవాబే వస్తుంది.